శరీరమును కోయక చూచు విద్య – గ్రామ పంచాయతీల కర్తవ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



వైద్యుడు పంచాయతీ సభ్యులతో మాటలాడునప్పుడు త్రాగునీటిని గురించియో, మురుగుకాలువలను గురించియో, దోమలను గురించియో చెప్పుట పరిపాటి. నేడు నేను యంత్రములను గురించి చెప్పదలచితిని. శరీరమును కోయకుండ, లోపలి అవయవములను చిత్రముగా చూపు యంత్రములు ఇవి. ఇది పట్టణములోని పెద్ద ఆసుపత్రుల సంగతి గదా, దీనితో పంచాయతీకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఆ యంత్రములలో ఒకటి నేడు చేతిసంచిలో ఇమిడి, మీ చావడి ముంగిటికే వచ్చుచున్నది. అది వచ్చిననాడు దాని యెదుట ఎవరు నిలుతురు, ఎవరు ఇంటనే ఉండిపోవుదురు అనునది వైద్యుని చేతిలో కంటె మీ చేతిలోనే ఎక్కువగా ఉన్నది. అందువలననే ఈ విషయమును ఎన్నుకొంటిని.

ముందుగా నా అనుభవమొకటి మనవి చేసెదను. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఒక వ్యవసాయ కూలీ వచ్చెను. నలువది యేండ్లు దాటని మనిషి. "ఒంట్లో సత్తువ ఉండటం లేదండీ" అనెను. దగ్గు ఉన్నదా యని అడిగితిని. "చుట్ట కాల్చేవాడికి దగ్గు లేకుండా ఎట్లా ఉంటుందండీ" అని నవ్వెను. స్టెతస్కోపు పెట్టి రొమ్మును పరీక్షించితిని. దోషమేమియు వినిపించలేదు. అయినను అనుమానము తీరక, ఎక్సురే తీయించుకొనుమని చీటీ వ్రాసియిచ్చితిని. ఎక్సురే ఉన్న ఊరు అచ్చటికి యాబది కిలోమీటర్లు. బస్సు ఖర్చు, ఒకనాటి కూలి, తోడు వచ్చువాని కూలి, అన్నియు లెక్క వేసికొని అతడు వెళ్లలేదు. ఆ చీటీ చొక్కా జేబులోనే ఉండిపోయెను. ఆరు నెలలకు నెత్తురు కక్కుచు తిరిగివచ్చినాడు. అప్పటికే భార్యకు, పెద్ద కుమార్తెకు క్షయ సోకియుండెను. మందులతో తల్లీకూతుళ్లు కోలుకొనిరి. అతడు కోలుకొనలేదు.

చీటీ వ్రాయుటతో నా పని తీరినదని నేను అనుకొంటిని. అది నా తప్పు. చిత్రము తీయు యంత్రము ఎంత గొప్పదైనను, రోగి దాని యెదుటికి రానిచో అది లేనట్లే. నేడు నేను చెప్పబోవునదంతయు ఈ ఒక్క మాటకు వివరణము మాత్రమే.

తట్టి చూచుట నుండి కిరణము వరకు

పూర్వము రోగి శరీరములో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు వైద్యునకున్న సాధనములు నాలుగే: కన్ను, చేయి, చెవి, ప్రశ్న. నాడి పట్టి చూచుట మన పెద్దలు ఎరిగినదే. 1761లో ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్, రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, వచ్చు శబ్దమును బట్టి లోపల నీరు చేరినదో లేదో చెప్పవచ్చునని ప్రకటించెను. ఆయన తండ్రి పూటకూటి ఇల్లు నడుపువాడు. పీపాను తట్టి అందులో ఎంతవరకు సరుకున్నదో తెలిసికొనుట ఆ వృత్తిలోనివారికి అలవాటు. మన స్త్రీలు సంతలో కుండను తట్టి బీట యున్నదో లేదో చెప్పుట లేదా? ఆ విద్యయే ఇది. 1816లో ఫ్రాన్సు దేశమున లెనెక్ అను వైద్యుడు స్టెతస్కోపును కనిపెట్టెను. ఎందరో క్షయరోగుల ఊపిరితిత్తుల చప్పుడును శ్రద్ధతో విన్న ఆయనయే 1826లో క్షయరోగముతో మరణించెను. చెవి మంచి సాధనమే. కాని చెవికి వినిపించునంతవరకు రోగము ఆగియుండదు.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వ్యూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన రాంట్‌జన్ ఒక గాజు గొట్టములో విద్యుత్తును ప్రవహింపజేసి పరిశోధన చేయుచుండెను. గొట్టమును నల్లని అట్టతో కప్పియుంచినను, కొంత దూరములోనున్న ఒక తెర మెరయసాగెను. అట్టను దాటి వచ్చుచున్న ఆ తెలియని కిరణమునకు ఆయన 'ఎక్స్' అను పేరు పెట్టెను. డిసెంబరు 22వ తేదీన తన భార్య చేతిని ఆ కిరణముల యెదుట ఉంచి చిత్రము తీసెను. చేతి యెముకలును, వ్రేలి ఉంగరమును అందు స్పష్టముగా కనిపించెను. 1901లో భౌతికశాస్త్రమునకు తొలి నోబెల్ బహుమానము ఆయనకే లభించెను. తాను కనుగొన్నదానిపై ఆయన పేటెంటు హక్కు తీసికొనలేదు. అందువలన ఆ విద్య కొలది మాసములలోనే లోకమంతయు వ్యాపించెను.

ఈ కిరణము పనిచేయు విధము తెలియుట కష్టము కాదు. కోడిగ్రుడ్డును దీపమునకు అడ్డముగా పట్టి లోపల పిల్ల యున్నదో లేదో చూచుట మీకు తెలియును. పలుచని చోట వెలుగు దాటును. చిక్కని చోట ఆగును. ఎక్సురేయు అట్టిదే. గాలి నిండిన ఊపిరితిత్తిని కిరణము సులువుగా దాటును గనుక అచ్చట చిత్రము నల్లగా ఉండును. ఎముక దానిని అడ్డగించును గనుక తెల్లగా ఉండును. నల్లగా ఉండవలసిన ఊపిరితిత్తిలో తెల్లని మచ్చ కనిపించినచో వైద్యునకు అనుమానము కలుగును.

ఏ యంత్రము దేనికి?

ఎక్సురే తరువాత మరి మూడు విధముల యంత్రములు వచ్చినవి. బావిలోనికి వంగి కేక వేసినచో ప్రతిధ్వని వచ్చును గదా. మన చెవికి వినబడనంత హెచ్చు ధ్వనిని శరీరములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనులతో చిత్రము గీయునది అల్ట్రాసౌండు. దీనినే జనులు స్కానింగ్ అందురు. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఇయాన్ డోనాల్డ్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1958లో దీనిని వైద్యలోకమునకు ప్రకటించిరి. గర్భములోని శిశువును, పిత్తాశయములోని రాళ్లను, మూత్రపిండములను చూచుటకు ఇది మిక్కిలి అనుకూలము.

రెండవది సి.టి. స్కాను. సొరకాయను కోయకయే, చక్రములుగా తరిగి ఒక్కొక్క చక్రమును చూచినట్లు, శరీరమును పొరలుగా చూపు యంత్రమిది. చుట్టును తిరుగు ఎక్సురేల నుండి కంప్యూటరు ఈ పొరలను లెక్కగట్టును. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారిగా ఒక రోగి మెదడును దీనితో చూచిరి. దీనిని నిర్మించిన హౌన్స్‌ఫీల్డ్ వైద్యుడు కాడు, ఇంజనీరు. 1979లో ఆయనకును, దీనికి కావలసిన గణితమును రూపొందించిన కార్మాక్‌నకును వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము నిచ్చిరి. మూడవది ఎం.ఆర్.ఐ. ఇందులో బలమైన అయస్కాంతమును, రేడియో తరంగములును పనిచేయును. మన శరీరములో అధికభాగము నీరే గనుక, ఆ నీటిలోని ఉదజని అణువులు ఇచ్చు సంకేతములతో చిత్రము తయారగును. 1973లో లాటర్‌బర్ ఇట్టి చిత్రమును తొలిసారి ప్రకటించెను. ఆయనకును, మాన్స్‌ఫీల్డ్‌నకును 2003లో నోబెల్ బహుమానము లభించెను. వెన్నుపాము, మెదడు, కీళ్లు ఇందులో చక్కగా కనిపించును.

పెద్ద యంత్రమే మంచి యంత్రమనుకొనరాదు. చేయి విరిగినవానికి ఎక్సురే చాలును, ఎం.ఆర్.ఐ. కొరకు అప్పు చేయనక్కరలేదు. కాని కొన్ని వేళల పెద్ద యంత్రమే ప్రాణము నిలుపును. అకస్మాత్తుగా ఒక ప్రక్క చేయి, కాలు పడిపోయినను, మాట తడబడినను, మూతి వంకరపోయినను అది పక్షవాతము కావచ్చును. మెదడులో రక్తనాళము పూడినదా, చిట్లినదా యనునది సి.టి. స్కాను వంటి చిత్రము తీసినగాని తెలియదు. పూడినచో గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. చిట్లినచో అదే మందు ప్రాణము తీయును. కాబట్టి మీకు దగ్గరలో సి.టి. స్కాను రాత్రింబగళ్లు పనిచేయు ఆసుపత్రి ఏదో ముందే కనుగొని, పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. ఆకుపసరు పోయించుచు, మంత్రము వేయించుచు కాలము గడపిన యిండ్లను నేను చాల చూచితిని.

చిత్రము చూపినది, ఊరు చేయవలసినది

చిత్రము రోగమును చూపును; కుదుర్చదు. ఈ సత్యమును మన తెలుగునేలయే చాల కాలము క్రిందట ఎరిగినది. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలోని ఒక వింత వ్యాధిని గురించి ప్రకటించిరి. అచ్చటి ప్రజల పండ్లపై గారలు, నడుము వంగకుండుట, మెడ తిరుగకుండుట వారు చూచిరి. ఈ వ్యాధిలో ఎక్సురే తీసినచో వెన్నుపూసలు ఒకదానితో నొకటి అతుకుకొని, నరములవలె మెత్తగా నుండవలసిన బంధనములు సున్నముతో బిగిసి కనిపించును. కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడు. ఎముకను చిత్రములో చూచినవాడు వైద్యుడు. కాని చికిత్స ఆసుపత్రిలో లేదు, బావిలో ఉన్నది. మంచినీరు తెచ్చి ఇచ్చినగాని ఆ రోగము ఆగదు. ఆ పని గ్రామముది, ప్రభుత్వముది. నల్లగొండ ప్రాంతము వారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

మరియొక వైపు చూడుడు. గర్భిణికి మేలుచేయవలసిన స్కానింగునే, ఆడపిల్లను పుట్టకుండ చేయుటకు కొందరు వాడిరి. అందువలన గర్భములోని శిశువు ఆడయో మగయో చెప్పుటను నిషేధించుచు 1994లో చట్టము చేయబడెను. చెప్పినవారును, చెప్పుమని కోరినవారును శిక్షకు పాత్రులు. చట్టము పుస్తకములో ఉండును. గుసగుసలు మాత్రము వీధిలో వినబడును. ఏ కేంద్రములో అట్టి పని జరుగుచున్నదో మొదట తెలియునది గ్రామస్థులకే. తెలిసినప్పుడు జిల్లా అధికారులకు తెలుపుట మీ ధర్మము. యంత్రమునకు మంచిచెడ్డలు లేవు. వాడు మనిషికి ఉన్నవి.

క్షయ – కనిపించని శత్రువు

ఇక అసలు విషయమునకు వచ్చెదను. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో 1915 నుండి క్షయరోగులకు ఆసుపత్రి ఉన్నది. మందులు లేని ఆ రోజులలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి తప్ప వేరు చికిత్స లేకుండెను. క్షయ పట్టణముల రోగమనియు, పల్లె గాలి దానిని దరిచేరనీయదనియు అప్పటివారి నమ్మకము. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1955 నుండి 1958 వరకు, భారత వైద్య పరిశోధన మండలి ఎక్సురే యంత్రములను బండ్లపై ఊరూరికి త్రిప్పి దేశములో పెద్ద పరిశీలన జరిపించెను. హైదరాబాదు, మదనపల్లె ప్రాంతములు కూడ అందులో చేరియుండెను. తేలిన సంగతి యేమనగా, క్షయ పట్టణములలో ఎంత ఉన్నదో పల్లెలలోను ఇంచుమించుగా అంతయే ఉన్నది. పల్లె గాలిపై ఉన్న నమ్మకము నాటితో తొలగిపోయెను.

ఆ పరిశీలన జరిగిన అరువది సంవత్సరముల తరువాత, 2019 నుండి 2021 వరకు, మన దేశములో మరల ఒక పెద్ద పరిశీలన జరిగెను. మూడు లక్షలకు పైగా ప్రజలను పరీక్షించిరి. అందు రెండు సంగతులు మీరు గుర్తుంచుకొనవలెను. క్షయ లక్షణములున్నవారిలో నూటికి దాదాపు 64 మంది ఏ వైద్యుని యొద్దకును పోలేదు. ఇది మొదటిది. క్షయ ఉన్నట్లు తేలినవారిలో నూటికి 42 మందికి పైగా, ఎక్సురే తీయకుండినచో బయటపడెడివారే కారు. ఇది రెండవది. అనగా వారిని దగ్గును గురించి, జ్వరమును గురించి అడిగి పంపివేసినచో, ఆరోగ్యవంతులుగానే ఇండ్లకు మరలియుందురు. ఊపిరితిత్తిలో మచ్చ మాత్రము పెరుగుచునే ఉండును.

నా యొద్దకు వచ్చిన ఆ కూలీ ఒక్కడు కాడని ఈ లెక్క నాకు చెప్పినది.

చావడి ముంగిట ఎక్సురే

అప్పుడు బండి మీద వచ్చిన యంత్రమును ఇప్పుడు మనిషి చేతితో పట్టుకొనగలడు. కెమెరా వలె నుండును. బరువు కొలది కిలోలు మాత్రమే. బ్యాటరీతో పనిచేయును గనుక కరెంటు పోయినను చింత లేదు. రోగి రొమ్మునకు ఎదురుగా ఒక పలక నిలుపుదురు. క్షణములో చిత్రము కంప్యూటరు తెరపై కనిపించును. ఫిల్ము లేదు, కడుగుట లేదు, ఆరబెట్టుట లేదు. ఆ చిత్రమును చూచి అనుమానింపదగిన మచ్చలను గుర్తించుటకు కృత్రిమ మేధ అను కంప్యూటరు విద్య తోడ్పడుచున్నది. పదునైదేండ్లు నిండినవారిలో క్షయను జల్లెడ పట్టుటకు దీనిని వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సమ్మతించెను. 2024 డిసెంబరు 7వ తేదీన మన దేశములో 347 జిల్లాలలో ఆరంభమైన నూరుదినముల క్షయ నిర్మూలన ఉద్యమములో ఇట్టి చేతి ఎక్సురేలను గ్రామములకు తీసికొనిపోయిరి.

జల్లెడ పట్టుట యంటిని. ఆ మాటను గమనింపుడు. జల్లెడలో నిలిచినదంతయు రాయి కాదు. ఎక్సురేలో కనిపించిన మచ్చ పాత గాయపు గుర్తు కావచ్చును, న్యుమోనియా కావచ్చును, రాతి క్వారీలలో పనిచేయువారికి దుమ్ము వలన కలిగిన మార్పు కావచ్చును, ఒక్కొక్కప్పుడు కాన్సరు కావచ్చును. కావున మచ్చ కనిపించినవారి కళ్లెను, అనగా తెమడను, ప్రయోగశాలకు పంపి, ట్రూనాట్ వంటి పరీక్షతో క్షయ క్రిములున్నవో లేవో తేల్చవలెను. ఆ పరీక్షయే కొన్ని ముఖ్యమైన మందులకు క్రిములు లొంగునో లేదో కూడ చెప్పగలదు. చిత్రము అనుమానము, కళ్లె సాక్ష్యము. సాక్ష్యము లేకుండ ఎవనిని గాని క్షయరోగి యని ఊరిలో ముద్రవేయరాదు.

కిరణముల వలన హాని కలుగునని కొందరు భయపడుదురు. భయము పూర్తిగా నిరాధారమని చెప్పను. కొలత తెలిసికొనుమని చెప్పుదును. నేల నుండి, ఆకాశము నుండి, తిను ఆహారము నుండి కూడ మనకు సహజముగా కొంత వికిరణము సోకుచునే ఉన్నది. ఒక రొమ్ము ఎక్సురే వలన సోకునది, అట్లు కొలది దినములలో సోకుదానితో సమానము. సి.టి. స్కానులో దానికి అనేక పదుల రెట్లు ఉండును గనుక, వైద్యుడు అవసరమనినప్పుడే దానిని తీయించుకొనవలెను. అల్ట్రాసౌండులోను, ఎం.ఆర్.ఐ.లోను ఈ వికిరణమే లేదు. గర్భవతియైన స్త్రీ ఎక్సురేకు ముందు ఆ సంగతిని తప్పక చెప్పవలెను. చిత్రము తీయు వేళ పిల్లలును, చూడవచ్చినవారును దూరముగా ఉండవలెను. ఎక్సురే యంత్రములకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండవలెనను నియమము కలదు. ఆ పత్రమును చూపుమని అడుగుటకు మీరు సంకోచింపనక్కరలేదు.

పంచాయతీ చేయవలసిన పనులు

శిబిరము జరుగుటకు ముందు ఆశా కార్యకర్తతోను, ఏ.ఎన్.ఎం.తోను కూర్చుండి పేర్ల జాబితా తయారుచేయుడు. అరువది యేండ్లు దాటినవారు, చక్కెరవ్యాధి ఉన్నవారు, చుట్టబీడీలు కాల్చువారు, మద్యము త్రాగువారు, తిండి చాలక చిక్కినవారు, పూర్వము క్షయ వచ్చి తగ్గినవారు, క్షయరోగి యింట నివసించినవారు – వీరు దగ్గు ఉన్నను లేకున్నను రావలెను. "నాకు దగ్గు లేదు, నేనెందుకు?" అను ప్రశ్న తప్పక వచ్చును. నూటికి 42 మంది అను లెక్కయే దానికి సమాధానము.

శిబిరమును కూలిపనుల వేళ పెట్టరాదు. నాట్ల కాలములో పగలు పెట్టిన శిబిరమునకు ముసలివారును, తీరికగల పెద్దలును వత్తురు. రావలసినవారు చేలలో ఉందురు. ప్రొద్దుననే గాని, ప్రొద్దుగూకిన తరువాత గాని పెట్టుడు. ఊరి మధ్య చావడి దగ్గర పెట్టినచో శివారు పేటలవారు, తండాలవారు సంకోచింతురు. ఒక పూట వారి పేటలోనే పెట్టుడు. స్త్రీల కొరకు తెర కట్టించుడు. ఒక స్త్రీ కార్యకర్త దగ్గర ఉండునట్లు చూడుడు. మెడలోని లోహపు వస్తువులు చిత్రమునకు అడ్డువచ్చును గనుక తీయుమందురు. మంగళసూత్రము తీయుట ఇష్టములేని స్త్రీలు ఆ మాట విని వెనుదిరుగుదురు. అడ్డురాకుండ దానిని పక్కకు సర్దుకొనవచ్చునని ముందే చెప్పించుడు. ఇట్టి చిన్న సంగతులే శిబిరమును నిలుపును, చెడగొట్టును.

2023 మార్చి 24వ తేదీన వారణాసిలో 'టీబీ ముక్త్ పంచాయతీ' కార్యక్రమము ఆరంభింపబడెను. క్షయ లేని పంచాయతీ యను గుర్తింపు పొందుటకు కొన్ని కొలతలు కలవు. వెయ్యిమంది జనాభాకు సంవత్సరమునకు కనీసము 30 మందిని అనుమానముతో పరీక్షింపవలెను. రోగుల సంఖ్య వెయ్యికి ఒకటికి మించరాదు. చికిత్స పొందినవారిలో నూటికి 85 మందికి తక్కువ కాకుండ విజయము కలుగవలెను. ఇవిగాక పోషకాహారమునకు, మందు లొంగుబాటు పరీక్షకు సంబంధించినవియు ఉన్నవి.

ఇక్కడ నేను మీతో మనసు విప్పి మాటలాడవలెను. వెయ్యికి ఒకటికి మించరాదను కొలతను చూచి, రోగిని దాచవలెనను ఆలోచన కొన్ని చోట్ల పుట్టవచ్చును. "మా ఊరిలో ఒక్క కేసు కూడ లేదండీ" అని చెప్పుకొనుట గొప్పగా తోచవచ్చును. కాని ఆ కొలతకు ముందే ముప్పదిమందిని పరీక్షింపవలెనను కొలతను ఉంచుటలోని అర్థము గ్రహింపుడు. చూడని ఊరు రోగము లేని ఊరు కాదు. దీపము వెలిగించని యింట తేలు లేదని చెప్పుట వంటిది అది. పరీక్షలు పెంచిన మొదటి యేట రోగుల సంఖ్య పెరిగినచో సిగ్గుపడకుడు. వారు నిన్నను ఉన్నారు. నేడు మీరు చూచితిరి. గుర్తింపు పత్రము ఒక యేడు ఆలస్యముగా వచ్చినను ఊరికి నష్టము లేదు. ఒక రోగిని ఒక యేడు ఆలస్యముగా చూచినచో ఒక కుటుంబమునకే నష్టము.

చిత్రము తీసిన తరువాత పని మిగిలియున్నదని మరువకుడు. సాధారణ క్షయకు మందులు ఆరు నెలలు వాడవలెను. ప్రభుత్వాసుపత్రులలో అవి ఉచితము. రెండు నెలలకే సత్తువ వచ్చి, దగ్గు తగ్గి, రోగి మానివేయ జూచును. అట్లు మానివేసినచో మందులకు లొంగని క్షయ పుట్టును. పోషణ కొరకు నిక్షయ్ పోషణ పథకము క్రింద ఇచ్చు సొమ్మును 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలకు పెంచిరి. అది రోగి బ్యాంకు ఖాతాలో పడుచున్నదో లేదో అడిగి తెలిసికొనుడు. రోగి యింటివారినందరిని పరీక్షింపజేయుడు. రోగము లేనివారికి అది రాకుండ ఇచ్చు మందులు కూడ ఉన్నవి. వాటిని వైద్యుడు నిర్ణయించును.

అన్నింటికంటె పెద్ద ఆటంకము సిగ్గు. పెండ్లి కావలసిన పిల్ల యున్న యింటివారు శిబిరమునకు రారు. బావి దగ్గర ఎవరేమందురో యని కోడలు రాదు. దీనికి నేనెరిగిన మందు ఒక్కటే. శిబిరము నాడు మొదట సర్పంచి నిలువవలెను. తరువాత సర్పంచి తల్లిదండ్రులు, వార్డు సభ్యులు, వారి యింటివారు నిలువవలెను. పెద్దలు నిలిచిన చోట నిలుచుటకు ఎవరికిని సిగ్గు ఉండదు. వేయి దండోరాల కంటె ఆ ఒక్క దృశ్యము మేలు. శిబిరములో ఎవరికేమి కనిపించినదో ఆ మాట మాత్రము వైద్యునికి, రోగికి మధ్యనే ఉండవలెను. పంచాయతీ సమావేశములో పేర్లు చదువరాదు.

సోదర సోదరీమణులారా, రాంట్‌జన్ తన భార్య చేతి యెముకలను చూచిన నాటి నుండి నేటివరకు శాస్త్రజ్ఞులు తమ పని తాము చేసిరి. చీకటి గదిలోని యంత్రమును చేతిసంచిలోనికి తెచ్చిరి. యాబది కిలోమీటర్ల దూరమును యాబది అడుగులకు తగ్గించిరి. మిగిలిన ఆ యాబది అడుగులు, ఇంటి గడప నుండి చావడి వరకు ఉన్న దారి, మీ అధీనములో ఉన్నది. నాడు నేను వ్రాసిన చీటీ ఒక మనిషి జేబులో ఉండిపోయెను. మీ ఊరిలో ఏ చీటీయు జేబులో ఉండిపోకుండ చూడుడు.